ఈసారి ఎండు ప్లమ్ పళ్ళు పంచు, వదినా

టూసాన్, ఆరిజోనా
సెప్టెంబరు 20, 1982

ఎల్ఫ్రీడా వదినకి,

మోకాళ్ళు తప్ప ఇక్కడ అంతా క్షేమం. మోకాళ్ళు కూడా ఈ ఎండకి కాస్త దారికొచ్చాయి. మీ తమ్ముడు గస్ పోయాక నేను మీ మేడమీద వాటా ఖాళీ చేసి ఇక్కడికి బయల్దేరుతుంటే, "నెల తిరక్కుండా తోక ముడుచుకుని వస్తావు" అన్నావు. ఏడాది దాటింది. తోక ఇంకా నిటారుగానే ఉంది.

ఇక్కడ ఆకులు ఊడ్చే పని లేదు. పారతో మంచు ఎత్తే పని లేదు. పొద్దున్నే అందరం ఈతకొలనులో నడుం దాకా దిగి నిలబడతాం, దాన్నే వ్యాయామం అంటారు. మధ్యాహ్నం పేకాట. ఉన్నవాళ్ళంతా మనలాంటి ముసలి సరుకే. ట్రైలర్లనే ఈ చక్రాల ఇళ్ళ పార్కులో యాభై అయిదు నిండనివాళ్ళకి చోటివ్వరు. చూడటానికొచ్చిన మనవలైనా రెండు రాత్రులుండి దయచేయాల్సిందే. కిటికీ అద్దాలకి బంతులు తగలవు. పిల్లలు వేషాలేసుకుని మిఠాయి కోసం ఇల్లిల్లూ తిరిగే హాలోవీన్ అనే పీడ అసలే లేదు. నువ్వు మాత్రం పేలాల ఉండలకి పాకం ఏ గిన్నెలో పట్టాలా అని ఇప్పటినుంచే తల పట్టుకుని కూర్చుని ఉంటావు. తలుచుకుంటే జాలేస్తోంది.

అన్నట్టు, నా పక్క ట్రైలర్ ఖాళీ అయింది. అందులో ఉండే పెద్దాయన రెండో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. పళ్ళు లేవు కానీ హుషారుకి లోటు లేదు. ఊరికే చెప్తున్నాను, అందులో వేరే అర్థం ఏమీ లేదు.

మరదలు
బెర్నీ


సెయింట్ లూయీ
అక్టోబరు 7, 1982

ఏమే బెర్నీ,

నీ తోక సంగతి చదివి సంతోషించాను. ఇక్కడ నా పరువు గంగలో కలిసింది, అది విను.

మందుల షాపుల్లో ఎవడో దుర్మార్గుడు మాత్రల్లో విషం కలిపిన వార్త నువ్వూ చూసే ఉంటావు. చికాగోలో మనుషులు పోయారు. పాపం, తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆ దుర్మార్గుడికీ నా పేలాల ఉండలకీ ఏమిటే సంబంధం? మన వీధి చివర మార్లీన్ డూఫెక్ లేదూ, చర్చి తల్లుల సంఘానికి ఈ ఏడాది పెద్ద అయింది. మొన్న తలుపు కొట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమనుకోకండి ఎల్ఫ్రీడాగారూ, ఈసారి హాలోవీన్‌కి చేత్తో చేసినవేవీ పిల్లలకి పెట్టొద్దని సంఘంలో అనుకున్నాం. ఫ్యాక్టరీలో సీలు వేసినవైతేనే."

"నీ చిన్నప్పుడు నా ఉండలు రెండేసి పట్టుకెళ్ళావు. చచ్చావా?" అన్నాను.

"అప్పటి రోజులు వేరండీ."

"రోజులు వేరేమో, పాకం అదే."

ఆవిడ నవ్వింది, నేను నవ్వలేదు. ఆవిడ పోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నీకు కాబట్టి చెప్తున్నాను, ఎక్కడా అనకు. ముప్పై ఏళ్ళుగా ఈ వీధి పిల్లలు నా చేతి ముద్ద తిన్నారు. ఇప్పుడు నా చెయ్యి అనుమానం చెయ్యి అయింది.

అసలు సంగతి ఇంకొకటుంది. మన ఊళ్ళో జోకు చెప్పందే ఏ గుమ్మంలోనూ మిఠాయి పెట్టరు కదా. మా వరండాలో ఆ జోకులు వినే పని గస్‌ది. వాడు కుర్చీలో కూర్చుని ప్రతి చచ్చు జోకుకీ తొడ చరుచుకుని నవ్వేవాడు. పక్కన నువ్వు, ఇంకా జోకు పూర్తికాకుండానే పకపకలు. నేను వెనకనుంచి ఉండలు అందించేదాన్ని. పోయిన ఏడాది వాడూ లేడు, నువ్వూ లేవు. నేనొక్కదాన్నే కూర్చుని విన్నాను. నవ్వు నాకు తొందరగా రాదని నీకు తెలుసు. "తర్వాత ఏమైంది?" అని అడిగాను ఒక కుర్రాణ్ణి. "అంతే, అయిపోయింది" అని బిక్కమొహం వేశాడు. సగం మంది పిల్లలు మా గుమ్మం దాటుకుని అవతలి ఇంటికి పోయారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈసారి కూడా పిల్లలు మెట్లెక్కకపోతే ఈ ఇల్లు నాకెందుకు? అమ్మేసి నీ పక్క ట్రైలర్‌కి వచ్చేస్తాను. కొలనులో నిలబడటం నాకూ చేతనవుతుంది. పిల్లలు వస్తే సరే సరి, ఇక్కడే చచ్చేదాకా ఉంటాను.

ఉండలు ఎలాగూ కుదరవు. మరి ఏం పెట్టాలి? పిల్లల రుచులు నీకు తెలిసినట్టు నాకు తెలియవు. నువ్వే ఒక పిల్లవి కాబట్టి. వెంటనే రాయి.

నీ ఆడపడుచు
ఎల్ఫ్రీడా


టూసాన్
అక్టోబరు 12, 1982

వదినా,

ఆ డూఫెక్ పిల్లకి ఎంత పొగరు. చిన్నప్పుడు ముక్కు తుడుచుకోవడం కూడా నేనే నేర్పాను దానికి. నువ్వు ఏడవకు. ఏడ్చినట్టు ఎవరికీ చెప్పను, పేకాట దగ్గర నలుగురికి తప్ప.

ఇల్లు అమ్మాలా వద్దా అన్నది నీ ఇష్టం. నాకేం, నువ్వొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఇక్కడ నాకు క్షణం తీరిక ఉండదు. పక్క ట్రైలర్‌ని ఇంకెవరో చూసి వెళ్ళారు కూడా. ఆ మేనేజరుతో మాటవరసకి "కొన్నాళ్ళు ఆగండి" అన్నాను, అంతే.

ఇక మిఠాయి సంగతి. ముందు నీ బుర్రలోంచి చాక్లెట్లు తీసెయ్. అందరూ చాక్లెట్లే పెడతారు. వాటిలో నీ ప్రత్యేకత ఏముంది? ఈ కాలం పిల్లలకి ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువ. ఎండుద్రాక్ష పెట్టు. చిన్నచిన్న అట్టపెట్టెల్లో వస్తాయి, ఫ్యాక్టరీ సీలు ఉంటుంది, మార్లీన్ నోరు మూతపడుతుంది. దాంతోపాటు తలో టూత్‌బ్రష్ ఇచ్చావనుకో, జన్మలో నిన్ను మర్చిపోరు.

జోకుల దగ్గర నువ్వు అనవసరంగా నవ్వడానికి ప్రయత్నించకు. నీ మామూలు మొహంతోనే కూర్చో. పెద్దవాళ్ళు గంభీరంగా ఉంటే పిల్లలకి గౌరవం.

బెర్నీ


సెయింట్ లూయీ
అక్టోబరు 17, 1982

ఏమే బెర్నీ,

నీ సలహా పట్టుకుని ముందు ఒకళ్ళ మీద ప్రయోగం చేశాను. మార్లీన్ కూతురు ట్రూడీ మా ముందు నుంచి బడికి పోతుంటే పిలిచి ఎండుద్రాక్ష పెట్టె చేతిలో పెట్టాను. ఎనిమిదేళ్ళ పిల్ల, పై పళ్ళు రెండూ లేవు, నాలుక మాత్రం నిక్షేపంగా ఉంది.

"హాలోవీన్‌కి ఇదిస్తే ఎలా ఉంటుందే?"

అటూ ఇటూ తిప్పి చూసింది. "మామ్మా, నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎందుకలా అడుగుతున్నావ్?"

"ఇది కోపం వచ్చినవాళ్ళు పెట్టేది."

టూత్‌బ్రష్ మాట ఎత్తగానే అది రెండడుగులు వెనక్కి వేసింది. పక్క వీధి పళ్ళ డాక్టరు ఒక ఏడాది బ్రష్షులు పంచాడట. తెల్లారేసరికి ఆయన కారు అద్దాల నిండా సబ్బు పూసి ఉందట. ఎవరు పూశారే అని అడిగితే, "దేవుడికే తెలియాలి" అని ఆకాశం వైపు చూసింది.

అందుకని నిన్న వెళ్ళి చాక్లెట్లే తెచ్చాను. పెద్దవి, పిల్లలు చూస్తేనే కళ్ళు తిరిగేవి. బల్లమీద ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకూ కాస్త ధైర్యం వస్తోంది. అయినా నిన్ను అడక్కుండా ఏ పనీ చేసి ఎరగను కనుక అడుగుతున్నాను. ఇవి చాలా, ఇంకేమైనా చెప్తావా?

ఎల్ఫ్రీడా


టూసాన్
అక్టోబరు 21, 1982

వదినా,

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపిస్తున్నాను. ఆ చాక్లెట్లు వెనక్కి ఇచ్చెయ్. ఇవాళే. నేను బతిమాలుతున్నాననుకోకు, నీ మంచికి చెప్తున్నాను. పెద్ద చాక్లెట్లు పెడితే ఊళ్ళో ఏమంటారు? "ఉండల మీద నమ్మకం పోయేసరికి ముసలమ్మ లంచాలకి దిగింది" అంటారు. నీలాంటి మానధనురాలు పడే మాటేనా అది?

ఎండుద్రాక్ష సంగతి పోనీ. ట్రూడీకి రుచి తెలియదు. నేను బాగా ఆలోచించాను. ఎండు ప్లమ్ పళ్ళు పెట్టు. నల్లగా, ముడతలు పడి, చూడ్డానికే హాలోవీన్‌లా ఉంటాయి. ఒక్కొక్కటీ విడిగా కాగితం చుట్టి అమ్ముతారు. పొట్టకి ఎంత మంచివో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ మా పార్కులో పిల్లలైతే వాటికోసం ఎగబడతారు. నేను పోయినసారి గిన్నెడు పెడితే క్షణంలో ఊడ్చేశారు. నా మాట నమ్ము.

ఇంకొకటి. వరండా లైటు మరీ పెద్దది వెయ్యకు. కళ్ళకి మంచిది కాదు.

బెర్నీ


సెయింట్ లూయీ
నవంబరు 1, 1982

ఏమే బెర్నడెట్,

పూర్తి పేరుతో పిలిచానంటే సంగతి నీకు అర్థమై ఉండాలి. ఇవాళ సకల పునీతుల పండుగ. చర్చికి వెళ్ళి వచ్చి రాస్తున్నాను కనుక తిట్టకూడదు. తిట్టడం రేపటికి వాయిదా వేసుకుని ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తాను.

మీ పార్కులో పిల్లలు ఎగబడ్డారా? ఏ పిల్లలే? యాభై అయిదు నిండనివాళ్ళకి చోటే లేదని సెప్టెంబరులో గొప్పలు రాసింది ఎవరు? ఎండు ప్లమ్ పళ్ళ కోసం ఎగబడింది మీ పేకాట ముసలాళ్ళై ఉంటారు. వాళ్ళ అవసరాలు వేరు. మీ ఐరిష్ వాళ్ళు అబద్ధం అందంగా చెప్తారని మా నాన్న అనేవాడు. ఆయన నిన్ను ఎక్కువ చేసి చూశాడు.

ఉత్తరం అందిన రోజే నీ కుట్ర పట్టుకున్నాను. ద్రాక్ష ఎందుకో, బ్రష్షు ఎందుకో, లైటు ఎందుకు తగ్గించమన్నావో, అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పిల్లలు రాకూడదు, నేను ఇల్లు అమ్మాలి, నీ పక్కకి రావాలి. ముందు ఒళ్ళు మండింది. ఫోన్ దాకా వెళ్ళాను, నాలుగు దులపాలని. చెయ్యి రిసీవరు మీద ఉండగా ఇంకో సంగతి తట్టింది. ఈ మనిషి ఇంత దూరం నుంచి ఇంత తెలివితక్కువ పని ఇంత కష్టపడి చేస్తోందంటే, అక్కడ కొలనులో నీళ్ళు తప్ప ఇంకేమీ లేదన్నమాట. అప్పుడు నాకు కోపం పోయి భయం వేసింది.

సరే, వెళ్ళి చాక్లెట్లు వెనక్కి ఇచ్చేసి ప్లమ్ పళ్ళే తెచ్చాను. తెలిసే తెచ్చాను, బెర్నీ. నీ మాట ప్రకారమే చేద్దాం, పిల్లలు రాకపోతే నోరు మూసుకుని పెట్టె సర్దుకుందాం అనుకున్నాను. లైటు మాత్రం తగ్గించలేదు. దానికి నా మనసు ఒప్పలేదు.

నిన్న చీకటి పడకుండానే వరండాలో కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. అవతలి ఇంట్లో నవ్వులు వినపడుతున్నాయి. నేను మనసులో గదుల్లో సామాన్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను, ఏది ఎవరికి ఇవ్వాలో. అప్పుడు ట్రూడీ వచ్చింది. సన్యాసిని వేషం, మీద మీసం. "మీసం ఎందుకే?" అంటే, "మా స్కూలు పెద్ద సిస్టర్‌ని చూళ్ళేదా నువ్వు?" అంది. తర్వాత గొంతు సవరించుకుని జోకు మొదలెట్టింది.

"కోడి ఆదివారం పూట చర్చికి ఎందుకెళ్ళింది?"

"ఎందుకెళ్ళింది?"

"ఇంట్లో ఉంటే భోజనంలోకి వచ్చేస్తుందని."

నేను నవ్వలేదు కానీ బాగుందన్నాను. నిజంగానే బాగుంది. సంచీలో ప్లమ్ పండు వేశాను. అది తీసింది, కాగితం విప్పింది, వాసన చూసింది, మళ్ళీ చుట్టింది.

"మామ్మా, ఇలా కుదరదు. నేను మంచి జోకు చెప్పాను. నువ్వు ఇది పెట్టావు. సరికి సరి కాలేదు."

"అయితే ఏం చెయ్యమంటావే?"

"మిగతాదానికి నువ్వు ఒక జోకు చెప్పు."

అరవై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో బతికాను, ఎవరూ నన్ను జోకు అడగలేదు. నాకు ఒక్కటీ రాదు. ఆ మీసాల సన్యాసిని మెట్టు మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తోంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

గస్ పనిచేసే బీరు ఫ్యాక్టరీలో మేస్త్రీ పోయినప్పుడు నువ్వు అంత్యక్రియల హాల్లో చూడ్డానికి వెళ్ళి, వేరే శవం ఉన్న పక్క గదిలో దూరిన సంగతి చెప్పాను. శవపేటిక మూసి ఉంది కనుక ఎవరో చూసుకోకుండా, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ముందు వరసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చావని చెప్పాను. ఆయన భార్య జేబురుమాలు తీసుకుని ముక్కు చీదావని చెప్పాను. ఆవిడ "మా ఆయన మీకు ఎలా తెలుసమ్మా?" అని అడిగితే, నువ్వు "అయ్యో, శుక్రవారం శుక్రవారం మా ఇంటికే కదా వచ్చేవారు" అన్నావని చెప్పాను. ఆ తర్వాత ఆ గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పాను.

ట్రూడీకి అందులో ఏం అర్థమైందో నాకు తెలియదు. ఏడ్చే భాగం నటించి చూపించాను, నీలాగే, బాతు అరిచినట్టు. అది మెట్ల మీంచి దొర్లింది. మీసం ఊడిపోయింది. లేచి వీధిలోకి పరిగెత్తి, "ఎల్ఫ్రీడా మామ్మ దగ్గర చచ్చుపళ్ళు ఉన్నాయి, కానీ ఆవిడ కథ చెప్తుంది" అని కేక పెట్టింది.

తర్వాత దెయ్యాలొచ్చాయి, కౌబాయ్‌లొచ్చారు, దుప్పట్లో కన్నాలు పెట్టుకున్నవాళ్ళొచ్చారు. జోకు చెప్పడం, పండు తీసుకోవడం, మొహం చిట్లించడం, "ఇప్పుడు నీ వంతు" అనడం. ఒక్క నీ గురించే ఎన్ని కథలున్నాయో నాకే తెలియలేదు. చేపల విందులో విగ్గుకి నిప్పంటుకున్నది చెప్పాను. బిషప్‌ని వంటవాడనుకుని ఉప్పు తక్కువైందని కసిరినది చెప్పాను. చివరికి మార్లీనే వచ్చి మెట్ల మీద కూర్చుంది. శుక్రవారం కథలో ఆ భార్య నిన్ను ఎవరనుకుందో పెద్దవాళ్ళకి మాత్రం విడిగా విప్పి చెప్పాను. మార్లీన్‌కి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇవాళ ఆవిడ వచ్చి, "ఆ ఉండలు మాకు ఇంట్లోకి చేసిపెడతారా, పెద్దవాళ్ళం తింటాం" అంది. చూద్దాంలే అన్నాను. బతిమాలనీ.

వీధంతా ప్లమ్ పళ్ళు పడి ఉన్నాయి. చెత్తబండివాళ్ళు తిట్టుకుంటూ ఊడ్చారు.

కాబట్టి ఇల్లు అమ్మను. ఆ మాట అయిపోయింది. నీ కుట్ర పారలేదు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. నువ్వు ఈ మంచులోకి తిరిగి రాలేవు, ఆ మోకాళ్ళతో మన మెట్లెక్కలేవు. నేను ఆ పార్కులో ఏడాదంతా ఉండలేను. కానీ చలికాలం నాకూ ఇక్కడ పని లేదు. జనవరి నుంచి వసంతం దాకా ఎవరైనా పిలిస్తే వెళ్ళి ఉండి రాగలను. పిలిస్తే. ఇన్ని ఉత్తరాలు రాశావు, ద్రాక్ష అన్నావు, బ్రష్షు అన్నావు, లైటు అన్నావు, ఒక్కసారి కూడా "రా" అని రాయలేదు. "నాకేం, ఒకటే" అని రాశావు. నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషిని పిలవడానికి నీకు ప్లమ్ పళ్ళు కావలసొచ్చాయి.

నోటితో పిలువు. అప్పుడు ఆలోచిస్తాను.

ఎల్ఫ్రీడా


టూసాన్
నవంబరు 6, 1982

వదినా,

బిషప్ సంగతి చెప్పావా? గస్ పోయేటప్పుడు కూడా ఆ మాట ఎత్తనని నాకు మాటిచ్చాడు, నువ్వు కౌబాయ్‌లకి చెప్పావు. నా పరువు ఇక ఆ వీధిలో ఏమీ మిగల్లేదు. అయినా ఆ సూపులో ఉప్పు నిజంగానే తక్కువ.

నీ ఉత్తరం కొలను దగ్గర చదివాను. బాతులా ఏడ్చే చోటికి వచ్చేసరికి నవ్వు ఆగకపోతే ఒక పెద్దాయన నాకు గుండెపోటు అనుకుని ఈల ఊదాడు. తర్వాత చివరి పేజీ ఇంటికి తెచ్చుకుని చదివాను.

నేను మొన్న ఆదివారం, హాలోవీన్ రాత్రి, ఏం చేశానో రాయకూడదనుకున్నాను. రాస్తాను. పెద్ద చాక్లెట్లు కొన్నాను, నీకు వద్దన్నవే. గిన్నెలో పోసి, ట్రైలర్ ముందు కుర్చీ వేసుకుని, లైటు వేసి కూర్చున్నాను. ఇక్కడ పిల్లలు లేరని నాకు తెలుసు. గేటు దాటి ఒక్క పిల్ల కూడా రాదని తెలుసు. ఊరికే కూర్చున్నాను, ఎవరైనా జోకు చెప్తే బాగుండునని. చాలాసేపటికి మేనేజరు గోల్ఫ్ బండి మీద వచ్చాడు. "బెర్నీగారూ, లైటు ఆర్పడం మర్చిపోయినట్టున్నారు" అన్నాడు. "అవును, మర్చిపోయాను" అన్నాను. ఆయనే ఆర్పి వెళ్ళాడు. చీకట్లో కూర్చుని ఒక చాక్లెట్ తిన్నాను. ఏమీ బాగాలేదు.

పేకాట నాకు రాదు వదినా. నేర్పిస్తామన్నారు, ఎవరూ నేర్పలేదు. కొలనులో నా పక్కన నిలబడే ఆవిడకి చెవులు వినపడవు. రోజూ ఆవిడకి గస్ గురించి చెప్తాను, ఆవిడ రోజూ తల ఊపి "మా కుక్క కూడా అంతే" అంటుంది. ఏడాదిగా నాతో ఎవరూ పోట్లాడలేదు. నువ్వు కిందనుంచి చీపురుకర్రతో పైకప్పు మీద కొట్టి "నడక తగ్గించు" అనేదానివి, అది లేక నిద్ర పట్టడం లేదు.

పక్క ట్రైలర్ పట్టుకోవడానికి మేనేజరుకి ఎన్ని అబద్ధాలు చెప్పానో చెప్తే నువ్వు మళ్ళీ చర్చికి వెళ్ళాల్సి వస్తుంది. అదేమీ అక్కర్లేదు. నా ట్రైలర్‌లోనే రెండో మంచం ఉంది. కిటికీ వైపుది నీకు. గురక పెడితే తన్నుతాను, ముందే చెప్తున్నాను.

నాకు ఇలా రాయడం రాదు. మూడు కాగితాలు చింపాను. మూడింటిలోనూ ఎంతసేపూ వాతావరణం గురించే రాశాను.

రా వదినా. నాకు నువ్వు కావాలి.

బెర్నీ